పీసీఓఎస్ మాత్ర పడకపోతే మందే మానెయ్యాలా?

మా పర్లాకిమిడిలో గానీ అటు గుణుపురం వైపు గానీ, పీసీఓఎస్ (హార్మోన్లు తేడా చేసి పీరియడ్ తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు లాంటివి వచ్చే సమస్య) అని తేలి మందులు రాయించుకున్న అమ్మాయిలు చాలామంది మెట్‌ఫార్మిన్ (షుగర్ ఉన్నవాళ్ళకి కూడా ఇచ్చే మాత్ర) దగ్గరే ఆగిపోతున్నారు. వికారం, విరేచనాలు, నోట్లో ఇనుప రుచి, పొద్దున్నే బస్సెక్కి కాలేజీకెళ్ళాల్సిన పిల్ల ఇవన్నీ ఎలా తట్టుకుంటుంది చెప్పండి, నాలుగు రోజులు చూసి స్ట్రిప్పు బీరువాలో పడేస్తుంది. ఇంట్లోవాళ్ళు "పెళ్ళికాని పిల్లకి షుగర్ మాత్రలేటి" అని ముందునుంచీ సణుగుతూనే ఉంటారు కాబట్టి మానేసినా ఎవరూ అడగరు. నాకూ పీసీఓఎస్ ఉంది, అందుకే ఇది రాయాలనిపించింది. ఆ మాత్ర పడకపోతే మందు ఇచ్చే పద్ధతి మార్చమని డాక్టర్ని అడగొచ్చండి, ఆ మాట మనకెవరూ చెప్పరు.

మా పిన్ని కూతురికి అదే జరిగింది. దానికి మామూలు మెట్‌ఫార్మిన్ తీసేసి ఎస్ఆర్ రాశారు, 500 ఎంజీతో మొదలుపెట్టి రాత్రి అన్నంతో పాటే వేసుకోమన్నారు, ఒంటికి అలవాటయ్యాక డోసు మెల్లగా పెంచారు. ఎస్ఆర్ అంటే మందంతా ఒకేసారి దిగదు, గంటల తరబడి కొంచెం కొంచెంగా వదుల్తుంది, అందుకే పొట్ట అంత గొడవ చెయ్యదు. అయితే ఆ మాత్ర బాగా పెద్దది, పిల్ల మింగలేకపోతోందని మా పిన్ని నూరి తేనెలో కలిపి ఇవ్వబోయింది. నూరితే ఇంక ఎస్ఆర్ అన్న పేరు తప్ప ఏం మిగల్దు, మందంతా ఒక్కసారే లోపలికి పోతుంది, నమలకూడదు కూడా. ఇంకో సంగతి, కొన్ని రకాల ఎస్ఆర్ మాత్రల పైతొడుగు మెత్తగా అయిపోయి మలంలో అలాగే కనబడుతుంది, అది చూసి "మందు ఒంటికి పట్టలేదే" అని పిన్ని ఎంత కంగారుపడిందో. మందు ఎప్పుడో ఒంట్లోకి వెళ్ళిపోయింది, బయటికొచ్చింది ఖాళీ డొల్ల. అస్సలు మింగలేని వాళ్ళకి మెట్‌ఫార్మిన్ ద్రవంగా కూడా తయారవుతుంది, మీ దగ్గర దొరుకుతుందేమో అడిగి చూడండి. ఏ రూపంలో వాడినా, ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు బీ12 పరీక్ష చేయించుకోవాలి, ఆ మందుతో అది తగ్గే అవకాశం ఉంది.

హార్మోన్ల సంగతి వేరు. నెలల తరబడి పీరియడ్ రాకపోతే గర్భాశయం లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది, ఏళ్ళకేళ్ళు వదిలేస్తే క్యాన్సర్ భయం కూడా ఉంది, కాబట్టి "పీరియడ్ రాకపోతే హాయిగా ఉంది" అనుకోడానికి లేదు. దానికి ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ఇస్తారు. ఆ క్యాప్సూల్ నోటితో వేసుకుంటే చాలా భాగం లివర్‌లోనే మారిపోతుంది, అలా మారిన పదార్థాల వల్లే బాగా మత్తు, నిద్ర వస్తాయి, రాత్రి పడుకునే ముందు వేసుకోమనేది అందుకే. కొన్ని రకాలు యోనిలో పెట్టుకోవచ్చు, అప్పుడు లివర్ దగ్గరికి ముందే వెళ్ళకుండా మందు గర్భాశయానికి అందుతుంది, మత్తు తక్కువ. పెళ్ళికాని పిల్లలకి ఇది చెప్పడానికి డాక్టర్లు జంకుతారు, అడగడానికి మనం జంకుతాం, మధ్యలో ఆ పిల్ల క్లాసులో తూగుతూ ఉంటుంది. నాకిది చాలా బాధనిపిస్తుంది.

పీరియడ్ క్రమంగా రావడానికి పీసీఓఎస్‌లో గర్భనిరోధక మాత్రలు కూడా రాస్తారు, వాటికి బదులు ఒంటికి అతికించుకునే ప్యాచ్, యోనిలో పెట్టుకునే రింగు ఉన్నాయి. ప్యాచ్ వారానికొకటి చొప్పున మూడు వారాలు, రింగు ఒక్కటే మూడు వారాలు, తర్వాత ఒక వారం విరామం. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేని వాళ్ళకి మేలే గానీ ప్యాచ్ మా వైపు షాపుల్లో నేనెప్పుడూ చూడలేదు. నోటితో వేసుకోవట్లేదు కదా అని రక్తం గడ్డకట్టే ముప్పు పోదు, బీపీ, మైగ్రేన్, పొగతాగే అలవాటు ఉంటే ముందే చెప్పాలి. గర్భాశయంలో అమర్చే హార్మోన్ ఐయూడీ (చిన్న గర్భనిరోధక సాధనం) లోపలి పొరని కొన్నేళ్ళు కాపాడుతుంది గానీ మొటిమలకీ గడ్డం వెంట్రుకలకీ దాంతో లాభం లేదు, కొంతమందికి మొటిమలు పెరుగుతాయి కూడా.

ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలు, అదే ఆశా దీదీలు చెప్పే అంతర ఇంజెక్షన్ గురించి మా వీధిలో ఒదిన అడిగింది, మూడు నెలలకొకసారి పొడిపించుకుంటే పీసీఓఎస్ తగ్గిపోతుందా అని. అది ఫ్యామిలీ ప్లానింగ్ కోసం 2017లో సర్కారు మొదలుపెట్టింది, పీసీఓఎస్‌ని తగ్గించే మందు కాదొదినా అన్నాను. పీరియడ్ క్రమం తప్పొచ్చు, బరువు పెరగొచ్చు, ఆపేశాక మళ్ళీ అండం విడుదలవడానికి నెలలు పట్టొచ్చు. త్వరగా పిల్లలు కావాలనుకునే వాళ్ళకి అది సరిపడదు.

గడ్డం మీద వెంట్రుకలకి ఎఫ్లార్నిథిన్ 13.9 శాతం క్రీమ్ అని ఒకటుంది. ఇది వెంట్రుకల్ని తీసెయ్యదు, పెరగడం నెమ్మది చేస్తుంది అంతే, రెండు నెలలు ఓపిక పట్టాలి, మానేస్తే మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు అందరూ అడుగుతున్నది వారానికొకసారి పొడుచుకునే బరువు తగ్గే ఇంజెక్షన్లు, సెమాగ్లూటైడ్ లాంటివి. అది ప్రోటీన్ లాంటి మందు, మామూలుగా మింగితే కడుపులో అరిగిపోతుంది కాబట్టి చర్మం కింద ఇస్తారు. మాత్రగా కూడా ఉంది, పరగడుపున కొద్దిపాటి నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట ఏమీ తినకూడదు. పీసీఓఎస్‌కని ప్రత్యేకంగా అనుమతి ఉన్న మందు కాదది, బరువు కోసం డాక్టరు చూసుకుని ఇవ్వాలి. వాడకం మొదలుపెట్టని ఇంజెక్షన్ పెన్ను 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉండాలి, ఎండాకాలం మా దగ్గర కరెంటు పోతే గంటలకి గంటలు రాదు, బరంపురం నుంచో శ్రీకాకుళం నుంచో తెచ్చుకునేవాళ్ళు ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో తెచ్చుకోండి, ఐస్‌కి తగిలి గడ్డకట్టినా అది పనికిరాదు. పిల్లల కోసం ప్రయత్నించబోయే వాళ్ళు సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి, ఈ మాట పెన్ను కొనేముందే డాక్టరుతో తేల్చుకోండి అమ్మా.