లెర్విక్‌లో నాలుగున్నరకు వెలుగు

లెర్విక్‌లో కారు తలుపు తీయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, కారును దానికి ఎదురుగా నిలపాలి. తర్వాత తలుపును రెండు చేతులా గట్టిగా పట్టుకుని కొద్దికొద్దిగా తెరవాలి. వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో చేరిన మొదటి రోజు, అసలు పని చూపించడానికి ముందే, తోటి ఉద్యోగిని నాకు నేర్పింది ఇదే.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఇదే పెద్ద ఊరు. జనం ఏడు వేలు ఉంటారేమో. 60 డిగ్రీల అక్షాంశం అనగానే అంతా మంచు గడ్డే అనుకుని పెట్టె నిండా ఉన్ని బట్టలు సర్దుకొచ్చాను. తీరా చూస్తే, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల జనవరిలో కూడా చాలా రోజులు నాలుగైదు డిగ్రీలుంటుంది. అక్కరకు వచ్చింది గాలి చొరని, నీరు దిగని పైకోటు ఒక్కటే. గాలికి అడ్డుపడే చెట్లు దాదాపుగా లేవు. సముద్రపు తుంపర ఎగిరి వచ్చి కిటికీ అద్దాల మీద ఉప్పు పొరగా ఆరుతుంది. చెత్తడబ్బాలను తాళ్లతో కట్టేస్తారు. గొడుగు పట్టుకున్న మనిషిని ఇంతవరకు చూడలేదు.

గాలికి అలవాటు పడ్డాను కానీ, చీకటి మాత్రం నన్ను కుంగదీసింది. డిసెంబర్ మూడో వారంలో సూర్యుడు తొమ్మిది దాటాక వచ్చి మూడు కాకముందే వెళ్లిపోతాడు. పగలు ఆరు గంటలు కూడా ఉండదు. ఎనిమిదికి డ్యూటీ ఎక్కి నాలుగున్నరకు దిగే నాకు, వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. ఒక సెలవు రోజు అలసి నిద్రపోయి లేచేసరికి పగలు అయిపోయింది. ఆ సాయంత్రం గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చాను.

నేను చూసుకునే తొంభై ఏళ్ల ఆవిడ మర్నాడు నా ముఖం చూసి విషయం గ్రహించింది. "అమ్మాయీ, భోజనం తర్వాతైనా చేయవచ్చు. ముందు వెలుగులో నడిచి రా" అంది. అప్పటి నుంచి పన్నెండింటికి ఇరవై నిమిషాలు రేవు దాకా వెళ్లి వస్తున్నాను. తిరిగి రాగానే ఆవిడకు అంతా చెప్పాలి: సముద్రం ఏ రంగులో ఉంది, ఓడ వచ్చిందా.

ఓడ గురించి అడగడం ఊరికే కాదు. ఊరికి కావలసిన సరుకుల్లో చాలావరకు స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని అబర్దీన్ రేవు నుంచి ఓడల మీదే వస్తాయి. ప్రయాణికుల ఓడకు రాత్రంతా పడుతుంది. తుఫాను వస్తే అది అక్కడే ఆగిపోతుంది. రెండో రోజుకే దుకాణంలో కూరగాయలు, పళ్లు ఉండే అరలు ఖాళీ. సెలవు మీద వెళ్లిన వాళ్లు అవతలే చిక్కుకుపోతే వాళ్ల డ్యూటీలు మేము చేస్తాం. ఎవరూ విసుక్కోరు. పక్కింటి వాళ్లు తలుపు తట్టి, ఏమైనా కావాలా అని అడిగి వెళతారు.

జనవరి చివరి మంగళవారం 'అప్ హెల్లీ ఆ' అనే పండుగ. వీధి దీపాలు ఆర్పేసి, దాదాపు వెయ్యి కాగడాలతో ఊరేగి, కొన్ని నెలలపాటు కష్టపడి కట్టిన, పూర్వం నార్వే వైపు నుంచి వచ్చిన వైకింగ్ నావికుల తరహా నావను తగలబెడతారు. ఈ దీవులు ఒకప్పుడు నార్వేవి. 1469లో అక్కడి రాజు కూతురి కట్నం కింద వీటిని స్కాట్లాండ్‌కు తాకట్టు పెట్టాడు, మళ్లీ విడిపించుకోలేదు. ఇంత దూరం వచ్చి కట్నం కథ వింటాననుకోలేదు. లెర్విక్ ఊరేగింపు దళాల్లో ఆడవాళ్లకు చోటు దొరికింది 2023 నుంచే. చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకుని చూస్తున్న ఆవిడ, కాగడా పట్టిన ఒక అమ్మాయి మా ముందు నుంచి వెళ్లగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కాగడాలన్నీ దాటిపోయే దాకా వదలలేదు.

ఫిబ్రవరి మధ్యలో ఒక రోజు నాలుగున్నరకు డ్యూటీ దిగి బయటికి వస్తే ఇంకా వెలుగుంది. కోటు గుండీలు పెట్టుకోవడం మరచి మెట్ల మీదే కాసేపు నిలబడ్డాను. తర్వాత లోపలికి తిరిగి వెళ్లి, ఆవిడ కిటికీ తెర పూర్తిగా తీశాను.