శ్రావణంలో రామగిరి గుట్ట

వరంగల్ వాళ్లం రామగిరి ఖిల్లాకు పోవాలంటే కాజీపేటలో బల్లార్షా వైపు రైలెక్కి పెద్దపల్లిలో దిగుతాం. అక్కడ మంథని బాటలో ఆటో మాట్లాడుకుంటే బేగంపేట, దాని పక్కనే గుట్ట. వనవాసంలో రాముడు ఇక్కడ ఉన్నాడని నమ్మకం. శ్రావణమాసంలో జనం బాగా వస్తారు. బండలు పాకురు పట్టి జారేదీ అప్పుడే.

పొద్దున ఆరింటికే నడక మొదలు పెట్టాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పవు. వానాకాలమే కదా అని ఒక్క సీసాతో వచ్చినవాళ్లకు సగం గుట్టకే పిక్కలు పట్టేస్తాయి. ఉక్కపోతలో చెమట ఆరదు, ఒంట్లో ఉప్పు పోతుంది. అందుకే ఒక లీటరులో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పెట్టుకుంటాం. తినడానికి సర్వపిండి, పులిహోర. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. పైన పాత బావులున్నాయి గానీ ఆ నీళ్లు తల మీద చల్లుకోవడానికే, తాగొద్దు.

మొక్కున్నవాళ్లు వట్టి కాళ్లతోనే ఎక్కుతారు. తడి బండ మీద అరికాలు కొత్త బూటు కన్నా బాగానే పట్టుతుంది. కానీ దిగేటప్పుడు ముళ్లు, కంకర ఉంటాయి కాబట్టి చెప్పులు సంచిలో ఉండాలి.

కోట దర్వాజల దగ్గర ఆగి చూడాలి. నీడ పడే మెట్ల మీద పాకురు నల్లగా, మామూలు రాయిలాగే కనిపిస్తుంది. చేతికర్ర మొనతో గీకితే కింద పచ్చని పొర లేస్తుంది. అట్లా లేచిన మెట్టు మీద నడిమిట్ల కాలు వేయొద్దు, అంచున రాయి గరుకుగా ఉన్నచోట వేయాలి. పక్క గోడను ఆసరాగా పట్టుకుంటారు చాలామంది. వేర్లు దూరి, వానకు నాని, ఆ రాళ్లు వదులైపోయి ఉంటాయి. గోడను నమ్మొద్దు, కర్రను నమ్మాలి.

తేనెపెరలు కనబడితే కింద పొగ పెట్టొద్దు, అగరుబత్తి కూడా గుడిలోనే వెలిగించాలి. పాము కరిస్తే గాటు పెట్టడం, గట్టిగా కట్టు బిగించడం రెండూ చెరుపే. కాలు కదలకుండా కర్ర కట్టి, మోసుకొని దించి పెద్దపల్లి సర్కారు దవాఖానకు పోవాలి.

ఇక్కడి మూలికల కోసం వైద్యులు వస్తారు. తెలియని ఆకు నోట్లో పెట్టొద్దు, మొక్కను వేరుతో పీకొద్దు.

శిఖరం అందకపోయినా సరే, మధ్యాహ్నం రెండింటికి వెనక్కి తిరుగుతాం. పడేవాళ్లు ఎక్కువగా దిగేటప్పుడే పడతారు. తొడలు వణుకుతుంటాయి, తొందర ఉంటుంది. పక్కకు తిరిగి, మోకాలు కొద్దిగా వంచి, ఒక్కో అడుగే. పొద్దున ఎంతమంది ఎక్కినమో ఆటో అతనికి చెప్పే ఉంటాం. ఆ లెక్క కుదిరాకే ఆటో కదులుతుంది.