హిరోషిమా, మియాజిమా: పంచాంగం చూసుకుని వెళ్ళాల్సిన యాత్ర

క్యోటో నుంచి పొద్దున బయల్దేరి, హిరోషిమాలో అణుబాంబుకు శిథిలమై మిగిలిన డోమ్ భవనం చూసి, మధ్యాహ్నం మియాజిమా దీవిలో నీళ్ళలోని ఆలయపు ఎర్ర తోరణం దగ్గర ఫొటో దిగి, రాత్రికి క్యోటో చేరిపోవచ్చని చాలా ప్యాకేజీల్లో రాస్తారు. చేరిపోవచ్చు, నిజమే. కానీ అలా వెళ్ళినవాళ్ళకు హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో గంట కూడా దక్కదు, మియాజిమాలో సముద్రం వెనక్కిపోయి తోరణం బురదలో నిలబడి ఉంటుంది. మేం రెండు పగళ్ళూ ఒక రాత్రీ పెట్టుకున్నాం. అంతకంటే తగ్గిస్తే వెళ్ళకపోవడమే నయం.

ముందుగా రైలు సంగతి. దేశమంతా చెల్లే ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ ధర 2023 అక్టోబరులో 50,000 యెన్‌లకు పెరిగింది. ఒక్క హిరోషిమా రాకపోకల కోసం అది కొంటే గిట్టదు. ఐదు రోజుల కన్సాయ్-హిరోషిమా పాస్ చాలు. మేం వెళ్ళినప్పుడు 17,000 యెన్‌లు. ఇందులో ఒక మెలిక ఉంది. బుల్లెట్ రైలులో ఈ పాస్ చెల్లేది షిన్-ఒసాకా నుంచి హిరోషిమా దాకానే. క్యోటో నుంచి షిన్-ఒసాకా వరకు ఉన్న బుల్లెట్ రైలు మార్గం వేరే కంపెనీది. క్యోటోలోనే బుల్లెట్ రైలు (షింకాన్‌సెన్) ఎక్కేస్తే ఆ ముక్కకు విడిగా కట్టాలి. మామూలు రైల్లో షిన్-ఒసాకా వచ్చి అక్కడ మారితే సరిపోతుంది. అక్కడి నుంచి హిరోషిమాకి గంటన్నర లోపే. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే సూట్‌కేసు ఉంటే, దానికి చోటున్న వెనక వరస సీటును ముందే రిజర్వు చేసుకోవాలి. మన పెద్ద చెకిన్ పెట్టెలు దాదాపు ఈ కొలత దగ్గరే ఉంటాయి. ఇంట్లోనే టేపు పెట్టి చూసుకోండి.

హిరోషిమాలో తిరగడానికి ట్రామ్. 2025 ఆగస్టు నుంచి ట్రామ్ నేరుగా రైల్వే స్టేషన్ రెండో అంతస్తులోకే వస్తోంది. పాత వ్యాసాలు చదివి బయట రోడ్డు మీద స్టాపు కోసం వెతకొద్దు. 2 లేదా 6 నంబరు ఎక్కి గెంబకు డోమ్-మయె దగ్గర దిగాలి. ఊళ్ళో ఎక్కడికైనా ఒకే ఛార్జీ, 240 యెన్‌లు, దిగేటప్పుడే వెయ్యాలి. ఆ డబ్బాలో చిల్లర తిరిగి రాదు, కాబట్టి ట్రామ్ ఆగి ఉన్నప్పుడే నోటు మార్చుకుని ఉంచుకోవాలి. బాంబు పడిన మూడో రోజుకే, అంటే 1945 ఆగస్టు 9నే, ఒక చిన్న ముక్క మీద ట్రామ్ మళ్ళీ నడిచింది. ఆనాటి దెబ్బ తిన్న 651, 652 నంబర్ల బళ్ళు ఇంకా పట్టాల మీదే ఉన్నాయి. నంబరు ముందు భాగం మీదే రాసి ఉంటుంది, కళ్ళు తెరిచి ఉంచితే కనిపించొచ్చు.

డోమ్ దగ్గర దిగగానే అందరూ దాని చుట్టూ తిరిగి పార్కులోకి వెళ్ళిపోతారు. మేం ముందు వెనక వీధిలోకి వెళ్ళాం. రెండు నిమిషాల నడక. షిమా ఆసుపత్రి పక్కన, నడుం ఎత్తున ఒక చిన్న రాతి పలక. బాంబు పేలింది సరిగ్గా ఈ చోటికి పైన, సుమారు 600 మీటర్ల ఎత్తున. విమానంలోని వాళ్ళు గురి పెట్టింది ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఉన్న అయిఓయి వంతెనకు. గురి కొంచెం తప్పింది. ఈ పలక దగ్గర నిలబడి తలెత్తి చూసి, తర్వాత డోమ్ వైపు తిరిగితే ఆ కట్టడం ఎందుకు మిగిలిందో అర్థమవుతుంది. దూరం 160 మీటర్లే. పీడనం పక్క నుంచి తోసుకుంటూ రాలేదు, దాదాపు నెత్తిమీంచి దిగింది. గోడలు నిలువు బరువు మోయడానికి కట్టినవి కాబట్టి కొన్ని ఓర్చుకున్నాయి. గుమ్మటం మీది రాగిరేకు ముందే వేడికి కరిగిపోయింది, వెనక వచ్చిన గాలి ఇనుప చట్రం లోంచి దూసుకుపోయింది. లోపలున్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు.

చెక్ వాస్తుశిల్పి యాన్ లెట్జెల్ గీసిన భవనం ఇది. 1915లో పూర్తయింది, జిల్లా ఉత్పత్తుల ప్రదర్శనశాలగా వాడారు. యుద్ధం తర్వాత దాన్ని చూస్తుంటే గాయం రేగుతుంది, కూల్చేయండి అన్నవాళ్ళు ఊళ్ళోనే చాలామంది. ఉంచాలని నగర మండలి తీర్మానించింది 1966లో. ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది 1996లో. మియాజిమా ఆలయం కూడా అదే ఏడు ఎక్కింది.

వంతెన దాటి పార్కులోకి వెళ్తే చెట్లు, పచ్చిక, పిల్లల కేరింతలు. ఇది మొదట్నుంచీ పార్కు అనుకునేవాళ్ళున్నారు. కాదు. నకజిమా అనే కిక్కిరిసిన పేట, ఇళ్ళు, దుకాణాలు, సినిమా హాళ్ళు. ఇప్పుడు సమాచార కేంద్రంగా ఉన్న రెస్ట్ హౌస్ 1929 నాటి కిమోనో దుకాణం. ఆ పేట మొత్తంలో నిలిచి మిగిలింది అదొక్కటే. మ్యూజియం దగ్గర్లో 2022లో తెరిచిన చిన్న షెడ్డు లాంటి ప్రదర్శనశాల ఉంది. పార్కు మట్టి కింద తవ్వితే దొరికిన ఇంటి నేల అక్కడ అలాగే ఉంది. బొగ్గయిన చెక్క పలకలు, మాడిన చాప నేల. టికెట్ లేదు, జనం లేరు. పది నిమిషాలు చాలు. మ్యూజియానికి ముందే అది చూడండి, కాళ్ళ కింద ఏముందో తెలిసి నడుస్తారు.

పార్కును వాస్తుశిల్పి కెంజో టాంగే గీసిన పద్ధతి చూడాలంటే 1952 నాటి సమాధి కమాను ముందు సరిగ్గా మధ్యలో నిలబడాలి. పాతకాలపు మట్టి ఇంటి బొమ్మ ఆకారంలో ఉంటుందది. దాని లోంచి నీటి కొలను, శాంతి జ్వాల, దూరంగా డోమ్ ఒకే గీత మీద కనిపిస్తాయి. కమాను కింద రాతి పెట్టెలో చనిపోయినవాళ్ళ పేర్ల పుస్తకాలున్నాయి. పేర్లు ఇప్పటికే 3.4 లక్షలు దాటాయి. ఏటా ఆగస్టు 6న కొత్తవి చేరుస్తారు. వానాకాలానికి ముందు పుస్తకాలన్నీ బయటికి తీసి గాలికి ఆరబెడతారు.

ఆ రాతి మీది వాక్యం దగ్గర మనబోటివాళ్ళం ఇంకాస్త ఆగాలి. ప్రశాంతంగా నిద్రించండి, తప్పు మళ్ళీ చేయ... అని అంతవరకు తెలుగులోకి వచ్చి ఆగిపోతుంది. చేయమా, చేయరా? జపనీస్ వాక్యంలో కర్త లేదు, క్రియ చివర కూడా ఎవరో తేలదు. మనకూ కర్తను వదిలేసే అలవాటుంది కానీ, మన క్రియ గుట్టు విప్పేస్తుంది. ఎవరి తప్పు అన్న ఈ ప్రశ్న మీద పెద్ద గొడవే జరిగింది. టోక్యో యుద్ధ నేరాల విచారణలో అసమ్మతి తీర్పు రాసిన భారతీయ న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ 1952లో ఇక్కడికొచ్చి, బాంబు వేసింది జపనీయులు కాదు కదా అని ఈ వాక్యాన్ని తప్పుపట్టారు. మనం అంటే మనుషులందరం అని నగరం వారి వివరణ. నాకు ఆ ఖాళీ అలా ఉండటమే సరైనదనిపిస్తుంది.

మ్యూజియం టికెట్ 200 యెన్‌లే. సమస్య డబ్బు కాదు, జనం. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా బడిపిల్లల బస్సులు, ఓడల్లో వచ్చే పర్యాటకులు కలిసి వరస బయటికి సాగుతుంది. తెరిచేది ఏడున్నరకే. మొదటి గంట, చివరి గంటన్నర ఆన్‌లైన్‌లో ముందు బుక్ చేసుకున్నవాళ్ళకు కేటాయించారు. మేం ఆ మొదటి గంటలో వెళ్ళాం. ఎస్కలేటర్ నేరుగా పైకి తీసుకెళ్తుంది. గుండ్రటి పెద్ద బల్ల మీద ఊరి నమూనా, దాని మీద బాంబు పడే దృశ్యం వెలుగుతుంటుంది. అక్కడే ఆగిపోకండి. అసలు చూడాల్సింది తర్వాత వచ్చే ప్రధాన భవనం. ఓపికంతా అక్కడ ఖర్చు పెట్టాలి. 2019లో దాన్ని మళ్ళీ అమర్చినప్పుడు పాత మనిషి బొమ్మలు పెట్టలేదు, వివరణలూ తగ్గించారు. వస్తువులు, వాటి పక్కన వాడిన మనిషి పేరు, వయసు, అంతే.

రెండు వస్తువుల గురించి చెప్తాను. ఒకటి, బ్యాంకు మెట్లు. పేలుడు కేంద్రానికి 260 మీటర్ల దూరంలో, బ్యాంకు తెరుస్తారని ఎవరో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆ మెట్లను తర్వాత కోసి తెచ్చి ఇక్కడ పెట్టారు. రాతి మీద నల్లటి మరక. మనిషి ఆవిరై రాతిలోకి ఇంకిపోయాడని చాలాచోట్ల రాస్తారు, అది సరి కాదు. వేడి కిరణాలు తగిలిన చుట్టుపక్కల రాయి పాలిపోయింది, మనిషి అడ్డుపడిన చోట పాత రంగు ఉండిపోయింది. రెండోది, ఒక బడిపిల్లాడి లంచ్ బాక్సు. మూత వంగింది, లోపల అన్నం బొగ్గయింది, కానీ అన్నం పెట్టిన ఆకారం పోలేదు. అగ్నిప్రమాదాలు వ్యాపించకుండా ఇళ్ళు కూల్చి ఖాళీ చేసే పనికి ఆ పొద్దున వేలమంది పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల్ని పంపారు. వాళ్ళలో దాదాపు 6,000 మంది చనిపోయారు. గాజుపెట్టెల్లోని చొక్కాలు, టోపీలు, బూట్లు ఎక్కువగా వాళ్ళవే. పదేళ్ళలోపు పిల్లలతో వెళ్తే ప్రధాన భవనంలో ఎంతసేపు ఉండాలో పెద్దవాళ్ళు ముందే అనుకుని వెళ్ళడం మంచిది. నడిచే దారి ఇరుకు, వెనక్కి తిరగడం కష్టం.

బయటికొచ్చాక నేరుగా భోజనానికి వెళ్ళకుండా 2002లో కట్టిన సంస్మరణ మందిరంలోకి దిగాం. ఉచితం. గుండ్రటి గోడ మీద పేలుడు కేంద్రం నుంచి కనిపించే కాలిన ఊరు, దాన్ని 1,40,000 చిన్న పెంకులతో పేర్చారు. 1945 ఆఖరుకు చనిపోయినవాళ్ళ అంచనా సంఖ్య అది.

పిల్లల శాంతి స్మారకం దగ్గర కాగితపు కొంగలు సమర్పించాలనుకుంటే విడివిడిగా తెచ్చి పెట్టకండి, గాలికి పోతాయి. ఏడున్నర సెంటీమీటర్ల చదరపు కాగితం తీసుకుని, దారానికి నలభై చొప్పున గుచ్చి, ఇరవై ఐదు దారాలు పైన ముడేస్తే వెయ్యి. పైన ఒక ఉచ్చు వదిలితే గాజు గదుల్లో కొక్కేనికి తగిలించొచ్చు. రెండేళ్ళ వయసులో బాంబు ధాటికి గురై, 1955లో పన్నెండేళ్ళకు లుకేమియాతో చనిపోయిన సదాకో ససాకి పేరుతో మొదలైన ఆచారం ఇది. కొరియా బాధితుల స్మారకం కూడా దగ్గర్లోనే ఉంది, తాబేలు వీపు మీద నిలిపిన రాయి. 1970లో పార్కు బయట కట్టారు, లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. గాంధీగారి కంచు విగ్రహం 2023 నుంచి నది ఒడ్డున ఉంది.

ఇది కేవలం బాధితుల ఊరన్న భావనతో తిరిగిపోకూడదనుకుంటే కోట దాకా నడవాలి, పావుగంట పైన. బురుజు 1958లో కట్టిన కాంక్రీటుది, అది వదిలేసినా నష్టం లేదు. పక్కన గడ్డిలో 1894 చైనా యుద్ధం నాటి సైనిక ప్రధాన కార్యాలయం పునాదులు చూడండి. చక్రవర్తి ఇక్కడికే మకాం మార్చి యుద్ధం నడిపించాడు. పేలుడు కేంద్రానికి 740 మీటర్ల దూరంలో బాంబును తట్టుకున్న నీలగిరి చెట్టు కూడా ఆ ఆవరణలోనే ఉంది. ఇంకో రోజు చేతిలో ఉంటే ఒకునోషిమా వెళ్ళొచ్చు. కుందేళ్ళ దీవిగా ఫొటోల్లో పేరు పడిన చోటు. 1929 నుంచి యుద్ధం ముగిసేదాకా జపాన్ సైన్యం అక్కడ విషవాయువులు తయారు చేసింది, పటాల్లోంచి దీవినే చెరిపేసింది. మిహరాలో కురె లైను మారి తదనౌమి, అక్కడ పావుగంట పడవ. కురె లైనులో రైళ్ళు పల్చగా ఉంటాయి, ఒకటి తప్పితే గంట పోతుంది.

భోజనం గురించి ఒక మాట. ఇక్కడి ఒకొనోమియాకి మన పెనం మీది దోసెకు దూరపు చుట్టం. పల్చగా పిండి పోసి, దానిమీద క్యాబేజీ గుట్ట, మొలకలు, నూడుల్స్, గుడ్డు. శాకాహారులు పంది మాంసం వద్దంటే సరిపోదు. పిండి పోసిన వెంటనే చేపపొడి చల్లుతారు, కళ్ళ ముందే రెండు సెకన్లలో అయిపోతుంది. సాస్‌లో కూడా మాంసం, చేపల సారం ఉండొచ్చు. కూర్చోకముందే చెప్పాలి, వీగన్ అని బోర్డు పెట్టిన చోటు వెతుక్కుంటే ఇంకా తేలిక.

రెండో రోజు మియాజిమా. ఇక్కడే పంచాంగం పనికొస్తుంది. తోరణం తేలుతున్నట్టు కనిపించాలంటే నీటిమట్టం 250 సెంటీమీటర్లు దాటాలి, దగ్గరికి నడిచి వెళ్ళాలంటే 100కి దిగాలి. పౌర్ణమి, అమావాస్యల ప్రాంతంలో ఇక్కడ పోటు సుమారు పొద్దున తొమ్మిది, పదికి, పాటు మధ్యాహ్నం మూడు, నాలుగుకి వస్తాయి. ఒకే పగలు రెండూ చూడొచ్చు. అష్టమి రోజుల్లో వెళ్తే రెండూ అరకొరే. కచ్చితమైన గంటలు దీవి పర్యాటక సంఘం ఏడాది పొడుగుకీ ముందే ప్రకటిస్తుంది. హోటల్ తేదీలు ఆ పట్టిక చూశాకే ఖాయం చేశాం.

హిరోషిమా నుంచి మియాజిమాగుచికి జేఆర్ రైల్లో అరగంట లోపు, అక్కడి నుంచి పది నిమిషాల ఫెర్రీ. పాస్ ఉన్నా 2023 నుంచి 100 యెన్‌ల సందర్శకుల పన్ను విడిగా కట్టాలి. రెండు కంపెనీల పడవలు పక్కపక్కనే ఆగుతాయి. పగటిపూట జేఆర్ పడవ తోరణం వైపు వంపు తిరిగి వెళ్తుంది, కుడివైపు నిలబడండి.

ఇప్పటి తోరణం 1875 నాటిది. పదహారు మీటర్ల పైన ఎత్తు, సుమారు 60 టన్నులు, కర్పూర వృక్షాల కాండాలే స్తంభాలు. సముద్రం అడుగున పాతిపెట్టింది కాదు. కింద దట్టంగా దిగ్గొట్టిన మొద్దుల మీద, తన బరువుతో తనే నిలబడింది. పై అడ్డదూలం పెట్టెలా బోలుగా ఉంటుంది, అందులో టన్నుల కొద్దీ రాళ్ళు నింపారు. పాటు వేళ దగ్గరికెళ్ళినవాళ్ళు స్తంభాల పగుళ్ళలో నాణేలు దూర్చేవాళ్ళు, అవి చెక్కను పాడు చేస్తున్నాయి. 2022 చివర ముగిసిన పెద్ద మరమ్మతు తర్వాత ఆ పని చేయొద్దని అడుగుతున్నారు. ఆలయం నడవాలో నేల పలకల మధ్య వేలు పట్టేంత సందులు కనిపిస్తాయి. పనితనం లోపం అనుకోకండి, తుఫానులో కిందినుంచి ఎగదన్నే నీళ్ళకు అదే దారి. ఇక జింకలు. మేత పెట్టకూడదు, పైగా చేతిలోని టికెట్, మ్యాపు నమిలేస్తాయి.

మధ్యాహ్నం దాకా ఆగి 535 మీటర్ల మిసెన్ కొండ ఎక్కాం. రోప్‌వే రెండు అంచెలు, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. దిగిన తర్వాత కూడా శిఖరానికి అరగంట మెట్లు ఎక్కాలి, ఇది తెలియక చెప్పులతో వచ్చినవాళ్ళు చాలామంది. శిఖరం కిందే రెయికదో అనే చిన్న గుడి. లోపల పొగ చూరి నల్లబడిన దూలాలు, కట్టెల మంట మీద పెద్ద ఇనుప కాగు. బౌద్ధ గురువు కోబో దైషి వెలిగించినప్పటి నుంచి 1,200 ఏళ్ళుగా ఆరలేదని నమ్మే మంట అది. 1964 ఆగస్టు 1న పార్కులో శాంతి జ్వాల వెలిగించడానికి నిప్పు తీసుకెళ్ళింది ఇక్కడి నుంచి కూడా. అణ్వాయుధాలన్నీ పోయిన రోజున అక్కడిది ఆర్పేస్తారట. కాగులోని వేడినీళ్ళు ఎవరైనా ముంచుకుని తాగొచ్చు, కొంచెం పొగ వాసన వేస్తాయి. కళ్ళు మండుతాయి కాబట్టి లోపల ఎక్కువసేపు నిలబడలేం. చివరి రోప్‌వే వేళ ఎక్కేముందే చూసి పెట్టుకోండి. అది తప్పితే నడిచి దిగడానికి గంటన్నర పైనే, దారిలో దీపాలుండవు.