గుండు పూస

ఈ సంక్రాంతికి సౌతాంప్టన్ నుంచి విజయవాడ వచ్చినప్పుడు, వన్‌టౌన్‌లోని మా కొట్లో కుంపటి ముందు కూర్చుని నాన్నగారు పాత ప్రశ్నే అడిగారు: "అంత దూరం పోయి నువ్వు చేసే పనేమిటమ్మా?" ఆరేళ్లుగా ఫోనులో "లేజర్ల మీద పరిశోధన" అని చెప్పి సరిపెడుతున్నాను. ఈసారి ఆయన చేతిలో ఊదుగొట్టం ఉంది కాబట్టి చెప్పడం తేలికయింది.

బొగ్గు మీద పెట్టిన బంగారు ముక్క అంచులు మెత్తబడి, లోపలికి ముడుచుకుని, చూస్తుండగానే వణికే గుండ్రని బొట్టయింది. మేము చేసేదీ అదే. ఎర్బియం అనే లోహం కలిపిన, వెంట్రుకంత గాజు పోగు కొనను కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో కరిగిస్తే, తలతన్యత దానిని 100 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో పదో వంతు, గోళంగా చుట్టేస్తుంది. రజను ఎగురుతుందని ఆయన ఫ్యాను వేయరు. గోళానికి కాంతిని అందించే పోగు ఒకటి రెండు మైక్రాన్ల మందమే కాబట్టి మేమూ గాలి ఆడనివ్వం.

గోడ వెంబడి గుసగుస ఎలా పాకుతుందో లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటాన్ని తీసుకుని 1910లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించారు. బీజాపూరు గోల్ గుంబజ్ చూసినవారికి అది అనుభవమే. గోళంలో కాంతి కూడా అంచును అంటిపెట్టుకుని అలాగే తిరుగుతుంది. మంచి గోళంలో అది బయటపడేలోగా సుమారు 17 మీటర్లు, అంటే 50 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. 980 నానోమీటర్ల కాంతితో శక్తి పొందిన ఎర్బియం అయాన్లను ఆ చుట్లలో తిరిగే కాంతి ప్రేరేపించగా, ఒక హద్దు దాటగానే 1550 నానోమీటర్ల దగ్గర లేజర్ వెలువడుతుంది. నేనుండే ఊళ్లోని విశ్వవిద్యాలయంలోనే 1987లో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం పోగుతో కాంతి సంకేతాన్ని పెంచి చూపింది. ఈనాడు సముద్రం అడుగున కేబుళ్లలో మా ఇద్దరి మాటలనూ మోసుకొచ్చే కాంతికి అలాంటి పోగులే బలమిస్తున్నాయని చెబితే, ఆయన ఊదడం ఆపి నా ముఖం చూశారు.

ఇదే గోళం వెలుగును వేసి ఆర్పే స్విచ్‌గా మారే తీరు మాత్రం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. చేరిన మొదటి ఏడాది, గోళానికి శక్తినిచ్చే పంప్ లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మెల్లగా పెంచుతూ పోతే గోళం వెలుగుతూ వెలుగుతూ ఒకచోట ఠక్కున ఆరిపోయేది. అక్కడికే వెనక్కి తెచ్చినా వెలిగేది కాదు, ఇంకా వెనక్కి రావలసి వచ్చేది. పరికరం చెడిందనుకుని రెండు వారాలు కనెక్టర్లు మార్చాను. తప్పు పరికరానిది కాదు. లోపల తిరిగే కాంతి గాజును వేడెక్కిస్తుంది. ఒక్క డిగ్రీకే అనునాదం, అంటే గోళంలో నిలిచి తిరగగల తరంగదైర్ఘ్యం, కొన్ని పీకోమీటర్లు (నానోమీటరులో వెయ్యో వంతులు) పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది, దాని వెడల్పేమో పీకోమీటరులో చిన్న భాగం. లేజర్ ఆ అనునాదం వెంట నడిచినంతసేపు వేడి, వెలుగు రెండూ నిలుస్తాయి. పట్టు తప్పిందా, గాజు చల్లారి అనునాదం మొదటిచోటికి వెళ్లిపోతుంది. కాబట్టి ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగూ సాధ్యమే, చీకటీ సాధ్యమే. గోళం అంతకుముందు ఏ స్థితిలో ఉందన్నదే తేలుస్తుంది. వేడితో నడిచే ఈ స్విచ్ నెమ్మదిదే అయినా, ఇంత తక్కువ కాంతితో పనిచేయడం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది.

"లక్క కూడా అంతే. గట్టిపడ్డదాన్ని మెత్తబరచడానికి ఒక సెగ, మెత్తబడ్డదాన్ని అలాగే ఉంచడానికి ఇంకో సెగ," అన్నారు నాన్నగారు.

ఫోనులో గోళం ఫొటో చూపించాను. ఎర్బియం వెదజల్లే ఆకుపచ్చ కాంతి దాని నడుము చుట్టూ సన్నని ఉంగరంలా ఉంది. ఆయన నగలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు పరిశీలించి, గోళం పోగుకు అతికి ఉన్న కాడ మీద వేలు పెట్టారు.

"ఇక్కడ వెలుగు కారిపోదా?"

"కారదు నాన్నగారూ, అది నడుము దగ్గరే తిరుగుతుంది, కాడ దాకా పోదు."

తలూపి, చల్లారిన పూసను పట్టకారుతో తీసి నా అరచేతిలో పెట్టారు.