ఆయన నడుముకు టేపు

మంగళవారం. ఆయనకి ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్. టిఫిన్లయ్యి గిన్నెలు సింకులో వేస్తుంటే ఆశా కార్యకర్త వచ్చింది. ముప్పై దాటినవాళ్ళందరికీ బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు ఎంతుందో చూసే ఫారం నింపుతున్నారట. "సార్ ఉన్నరా అమ్మా? ఐదు నిమిషాలే పడ్తది" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

సిగరెట్, గుట్కా ఉన్నాయా, మందు తాగుతారా, వారానికి 150 నిమిషాలైనా నడకో వ్యాయామమో ఉందా, ఇంట్లో పెద్దవాళ్ళకి బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా... ఆయన నడకకి మాత్రం ఉందని, మిగతా అన్నిటికీ లేదు లేదు అని గడగడా అప్పజెప్పేస్తుంటే లోపల్నుంచి అత్తయ్య, "నా షుగర్ సంగతి చెప్పవేంరా?" అన్నారు. అది రాయించాక, నడక లేదన్న సంగతి నేను రాయించాను.

అప్పుడు టేపు తీసింది. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే మార్కులు పడతాయి. ఈయన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగారు. ఆమె టేపు చుట్టి అలాగే నిలబడింది. "గాలి ఇడ్వండి సార్, నాకేం తొందర లేదు." ఎంతసేపని బిగబడతారు! 97.

నలభై ఆరేళ్ళ వయసుకి రెండు, నడుముకి ఒకటి, నడవనందుకు ఒకటి, అత్తయ్య షుగర్‌కి రెండు. మొత్తం ఆరు. నాలుగు దాటినవాళ్ళని ముందుగా పరీక్షలకి పంపుతారట. నాకు మూడే. ఎక్కువ మార్కులొచ్చినవాడు మొహం మాడ్చుకునే పరీక్ష ఇదొక్కటేనేమో.

"నేను లావు లేనుగా" అని మధ్యాహ్నం దాకా అదే వాదన. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే రావడమే మనవాళ్ళ బెడద. పొట్టలో, కాలేయం చుట్టూ పేరుకున్న కొవ్వు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వదు. అందుకే బరువు పెద్దగా లేకపోయినా మనకి షుగర్ తొందరగా వస్తుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్కలో దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, ఇవాళో రేపో వస్తుందన్నట్టున్నవాళ్ళు 13.6 కోట్లు. ఈ రెండోవాళ్ళకి ఇంకా చేతిలో పనే. అలాంటివాళ్ళ మీద మన దేశంలోనే జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, మాత్రల్లేకుండా తిండీ నడకా మార్చుకున్నవాళ్ళకి షుగర్ వచ్చే ముప్పు 28 శాతం పైగా తగ్గింది. ఈ మాట చెప్తే ఆయన ల్యాప్‌టాప్‌లోకి ఇంకొంచెం వంగారు.

వెళ్తూ వెళ్తూ ఆమె "ఉప్పు జర తక్కువ తినుండ్రి" అంది. అది నాకు పట్టుకుంది. మనిషికి రోజుకి 5 గ్రాములు మించకూడదంటారు. మేం నలుగురం, అంటే 20 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలా ఇరవై రోజులు రావాలి. మా ఇంట్లో నెల తిరక్కుండానే అయిపోతుంది. ఆవకాయకి కొనే కళ్ళుప్పు దీన్లో లేదు. అప్పడాలు, మిక్స్చరు, సాయంత్రం చాయ్‌లోకి బిస్కెట్లు, అవీ లేవు.

ఆవకాయలో ఉప్పు తగ్గిద్దామా అంటే అత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "బూజు పట్టించుకుని తింటావా?" అన్నారు. ఆవిడన్నది నిజమే. కారం, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమానంగా పడితేనే అది ఏడాది నిలుస్తుంది. కాబట్టి జాడీ జోలికి పోలేదు. కంచంలోకి ఒక్క ముక్క, రోజూ కాదు, పెరుగన్నంలో విడిగా ఉప్పు కలపడం బంద్. ఆవిడ ఒప్పుకున్నారు గానీ మజ్జిగలో ఉప్పు మాత్రం మాననన్నారు. సరే, ముందు ఇదైనా జరగనీ.

రేపు ఆయన బస్తీ దవాఖానాకి వెళ్ళి బీపీ చూపించుకుని, పరగడుపున రక్తం ఇచ్చి రావాలి. మీటింగ్ ఉందంటున్నారు. మీటింగ్ పదకొండింటికి, దవాఖానా తొమ్మిదింటికే తెరుస్తారు.