ప్రగతి పత్రాలను స్వీడిష్‌లోకి తెచ్చేటప్పుడు

ఆంగ్లంలోని విధాన పత్రాలను స్వీడిష్‌లోకి అనువదించేవారిని పారిభాషిక పదాలు అంతగా ఇబ్బంది పెట్టవు, ఎందుకంటే వాటికి పదకోశాలున్నాయి. రోజూ కనిపించే ‘ప్రోగ్రెస్’ లాంటి మాటల దగ్గరే అసలు పని మొదలవుతుంది. దానికి స్వీడిష్‌లో ముందుగా తట్టే మాట ‘ఫ్రామ్‌స్టేగ్’, అంటే ముందుకు వేసిన అడుగు. ఆంగ్ల పదం లెక్కకు అందదు. స్వీడిష్ పదాన్ని ఒకటి, రెండు అని లెక్కించవచ్చు. అందుకే ఆంగ్లంలో సాఫీగా సాగిపోయిన వాక్యం స్వీడిష్‌లోకి రాగానే, ఏ అడుగు, ఎవరు వేశారు అనే ప్రశ్న నాకు ఎదురవుతుంది.

ఐరోపా సమాఖ్య ఒప్పందం మూడవ అధికరణాన్ని చూడండి. సామాజిక రంగం గురించి చెప్పేటప్పుడు ఆంగ్ల పాఠం ‘ప్రోగ్రెస్’ అంటుంది, శాస్త్ర సాంకేతిక రంగాలకు వచ్చేసరికి ‘అడ్వాన్స్’ అంటుంది. స్వీడిష్ పాఠంలో రెండు చోట్లా ‘ఫ్రామ్‌స్టేగ్’ మాటే ఉంది. ఇందులో లోపమేమీ లేదు. స్వీడన్ 1995లో సమాఖ్యలో చేరినప్పటి నుంచి స్వీడిష్ కూడా అధికార భాషే; ఇప్పుడున్న 24 భాషల్లోని ఒప్పంద పాఠాలన్నింటికీ చట్టం ముందు ఒకే విలువ.

సభ్యత్వం కోరే దేశాలపై ఐరోపా కమిషన్ వెలువరించే నివేదికల సంగతి వేరు. వాటిలో ప్రగతిని ‘పరిమితం’, ‘కొంత’, ‘మంచి’ అంటూ మెట్లుగా కొలుస్తారు. ‘కొంత ప్రగతి’ అన్నచోట స్వీడిష్‌లో ‘విస్సా ఫ్రామ్‌స్టేగ్’ అని రాస్తారు. అదే మాట పదేపదే వస్తోంది కదా అని అనువాదకుడు శైలి కోసం ఒకచోట మరో విశేషణం పెడితే, ఆ రంగంలో ఒక దేశానికి ఇచ్చిన అంచనానే మార్చినవాడవుతాడు. ఎంత విసుగనిపించినా ఇక్కడ పునరుక్తిని ఉంచి తీరాలి. సమాఖ్య చట్టాల్లో వాక్యాన్ని విడగొట్టే స్వేచ్ఛ కూడా ఉండదు. మూలంలో వాక్యం ముగిసిన చోటే అనువాదంలోనూ ముగియాలి.

స్వీడన్ సొంత నియమం మాత్రం పాఠకుడి పక్షాన నిలుస్తుంది. 2009 నాటి భాషా చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ వ్యవహారాల భాష చక్కగా, సరళంగా, అర్థమయ్యేలా ఉండాలి. స్పష్టమైన అధికార భాషను అక్కడ ‘క్లార్‌స్ప్రోక్’ అంటారు. పౌరుడు తన గురించి తీసుకున్న నిర్ణయాన్ని ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలగాలన్నదే దాని ఉద్దేశం. ఇది నాకు ఎంతో ఇష్టమైన సూత్రం.

ఒక నమూనా వాక్యం తీసుకుందాం: ‘లక్ష్యాల సాధన దిశగా ప్రగతి యొక్క వేగవృద్ధి అత్యావశ్యకం.’ ఆంగ్ల విధాన భాష తరచుగా ఈ ధోరణిలోనే నడుస్తుంది. ఇందులో మూడు చర్యలు (సాధన, ప్రగతి, వేగవృద్ధి) నామవాచకాల వెనుక దాగాయి, కర్త లేడు. స్వీడిష్‌లో నేను దీన్ని ‘లక్ష్యాలను చేరాలంటే మరింత వేగంగా పనిచేయాలి’ అనే ధోరణిలో క్రియలతో రాస్తాను. ‘మాన్’ అనే అనిర్దిష్ట సర్వనామం వాడితే కర్త పేరు చెప్పకుండానే వాక్యం నిలబడుతుంది. అయితే మూలంలో లేని కర్తను కల్పించే హక్కు నాకు లేదు. ‘ప్రభుత్వం’ అనే ఒక్క మాట చేర్చినా అది కొత్త వాగ్దానమైపోతుంది.

సుస్థిర అభివృద్ధి కోసం ఐక్యరాజ్య సమితి రూపొందించిన 2030 ఎజెండాలో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు ఉన్నాయి. సమితికున్న 6 అధికార భాషల్లో స్వీడిష్ లేదు కాబట్టి ఆ పత్రపు స్వీడిష్ అనువాదానికి మూలంతో సమానమైన హోదా లేదు. అలాంటి చోట్ల పాఠకుడి సౌలభ్యం వైపు కొంచెం ఎక్కువగా మొగ్గవచ్చని నా అభిప్రాయం.

‘ప్రోగ్రెస్ రిపోర్ట్’ విషయంలో కూడా నాకొక పట్టింపు ఉంది. దాన్ని ‘లేగెస్‌రపోర్ట్’, అంటే స్థితి నివేదిక, అనడమే నాకు నచ్చుతుంది. పని ముందుకు సాగినా, ఆగిపోయినా ఆ పేరు చెల్లుతుంది. లోపలి పేజీల్లో ఎక్కడైనా ‘గణనీయమైన ప్రగతి’ అని మాత్రమే ఉండి ఏం జరిగిందో లేకపోతే, అనువాదం పంపే ముందే పత్రం రాసినవారిని అడుగుతాను: ఏది మారింది, దేనితో పోల్చి చెబుతున్నారు?