నెక్సాన్ ఈవీ టైర్ల పని: జాకీ చోటు మనమే చూపించాలి

(కారు మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తే అప్పటి సంగతి ఆ అంకె కింద రాస్తున్నాను.)

38,210 కి.మీ.

నందిగామ దాటాక ముందు ఎడమ టైరులో మేకు దిగింది. హైవే పక్కన పంక్చర్ షాపు కనిపిస్తే ఆపాను. నేను కారు దిగి వెనక్కి వచ్చేలోపే కుర్రాడు ట్రాలీ జాకీ తోసుకొచ్చి, తలుపు కింద బాగా లోపలికి పెట్టి రెండు పంపులు కొట్టేశాడు. వంగి చూస్తే జాకీ తల సరిగ్గా బ్యాటరీ పెట్టె అంచు కింద ఉంది. "తమ్ముడూ ఆపు, దించు, అది బ్యాటరీ" అని అరిచాను. "ఏం కాదు సార్, రోజూ ఎన్ని కార్లు ఎత్తుతున్నాం" అన్నాడు. అతని తప్పు అనను, పెట్రోల్ కార్లకి అక్కడ ఏదో ఒక గట్టి ఇనుము దొరుకుతుంది కాబట్టి చేతికి అదే అలవాటు. మన నెక్సాన్ ఈవీ కరెంటు కారు, దీనికి మాత్రం నేల కింద పరిచినట్టు బ్యాటరీయే ఉంటుంది. నాది 2020లో వచ్చిన మొదటి మోడల్, 30.2 కిలోవాట్ అవర్ ప్యాక్. దానికి ఐపీ67 రక్షణ ఉంది, అంటే నీరూ దుమ్మూ లోపలికి పోవు. అంతేగానీ కారు బరువంతా ఒక్క చోట నొక్కితే ఆ పెట్టె ఆగుతుందని కాదు. పెట్టె సొట్ట పడితే సీలు పోవచ్చు, కూలెంట్ కారొచ్చు, ఆ తరవాత వారంటీ దగ్గర వాదన.

ఆ రోజు అదృష్టం, చక్రం లేవకముందే ఆపాను. సొట్ట లేదు, చిన్న గీత పడింది. ఫొటో తీసి పెట్టుకున్నాను. ఇంటికి వచ్చేదాకా డ్యాష్‌బోర్డులో ఏ లైటు వెలుగుతుందోనని టెన్షనే.

38,260 కి.మీ.

విజయవాడ వచ్చాక ఆదివారం పొద్దున మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను. జాకీ పెట్టే చోట్లు నాలుగు, పక్కకి రెండు, ముందు చక్రం వెనకా వెనక చక్రం ముందూ, తలుపుల కింద అంచున రేకు మందంగా ఉన్న చోట. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి నాలుగూ వెతికి, పైన బాడీ మీద వాటికి ఎదురుగా తెల్ల పెయింట్ మార్కర్‌తో చిన్న చుక్కలు పెట్టాను. ఇప్పటిదాకా చేసిన వాటిలో అన్నిటికంటే ఉపయోగపడింది ఈ చుక్కలే. షాపువాడికి మాటల్లో చెబితే సగమే వింటాడు, చుక్క చూపిస్తే జాకీ అక్కడికే వస్తుంది.

తరవాత ఆటోనగర్ వెళ్లి రబ్బరు బుష్‌లు చేసే చోట మందపాటి రబ్బరు దిమ్మలు నాలుగు కోయించాను. మధ్యలో గాడి ఉంటే రేకు అంచు అందులో కూర్చుంటుంది, బరువు అంచు మీద కాకుండా రెండు పక్కలా పరుచుకుంటుంది, జాకీ జారదు. ఇవి డిక్కీలోనే ఉంటాయి.

ఇంకొకటి మాన్యువల్ చదువుతుంటేనే బుర్రకి ఎక్కింది. ఈ మొదటి మోడల్‌లో గుండ్రటి నాబ్ మీద ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్), ఎస్ (స్పోర్ట్) మాత్రమే ఉన్నాయి, పార్కింగ్ గేరు లేదు. అంటే ఆపిన కారుని పట్టుకునేది హ్యాండ్ బ్రేకే, అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ముందువి ఎప్పుడూ స్వేచ్ఛే. వెనక రెండు చక్రాలూ కలిపి ఎత్తితే కారుని ఆపేది ఏదీ ఉండదు. అందుకే ఎత్తని చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టకుండా ఇకపై జాకీ ముట్టుకోను.

39,020 కి.మీ.

టైర్ల గాడుల లోతు కొలిచాను. ముందు 3.6, 3.5 మిల్లీమీటర్లు, వెనక 5.1, 5.0. మోటారు ముందు చక్రాలనే తిప్పుతుంది, బ్రేకింగ్‌లో కరెంటు వెనక్కి తీసుకునేదీ వాటితోనే, బరువు పెట్రోల్ కారు కంటే ఎక్కువ, పైగా పెడల్ ముట్టుకోగానే టార్క్ వచ్చేస్తుంది, కాబట్టి ముందువి ఇలా అరగడం సహజమే. చట్టం ప్రకారం 1.6 దాకా వాడొచ్చు, కానీ మా వైపు వానలకి 3 దగ్గరే మార్చేయాలని నా అభిప్రాయం.

ఇంట్లోనే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుందామనుకున్నా. కుదరలేదు. జాకీ ఎక్కడ పెట్టాలో, ఎత్తిన కారుని నిలబెట్టే ఇనుప స్టాండ్ కూడా అక్కడే పెట్టాలి, ఒకే చోటికి రెండు పట్టవు. స్టాండ్‌ని ఇంకో చోట పెట్టాలంటే కింద ఏది గట్టిదో, ఏది బ్యాటరీ తొడుగో కచ్చితంగా తెలియాలి. ఆరెంజ్ రంగు తొడుగు ఉన్న కేబుళ్లు కనిపిస్తే అవి హై వోల్టేజ్, వాటి దరిదాపుల్లో ఇనుము పెట్టకూడదు. ఇంట్లో ఒక్క చక్రం విప్పి బిగించడం వరకే చేస్తున్నాను. నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయడం, తరవాత ఎత్తడం, విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం. జాకీ జారినా కారు చక్రం మీద ఆగుతుంది, మన కాళ్ల మీద కాదు.

41,350 కి.మీ.

ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాను. సైజు 215/60 ఆర్16. సైజు పక్కన ఉండే అంకె చాలామంది చూడరు. 95 అంటే ఆ టైరు 690 కిలోలు మోస్తుందని, 91 అయితే 615 మాత్రమే. ఒకచోట తక్కువ ధరకి చెప్పిన టైరు ఈ అంకె దగ్గరే వద్దనుకున్నాను. పాత టైరు మీద ఉన్న అంకె కంటే తగ్గకూడదు. తయారీ తేదీ నాలుగంకెలు, 1224 అంటే 2024లో పన్నెండో వారం.

ఆటోనగర్‌లో ఈసారి వెళ్లిన షాపు మేస్త్రీ పెద్దాయన. "బాబాయ్, ఇది కరెంటు కారు, చుక్కలు పెట్టిన చోటే ఎత్తాలి" అని ముందే చెప్పి దిమ్మలు చేతిలో పెట్టాను. ఆయన దిమ్మ తిప్పి చూసి, కింద పడుకుని నాలుగు చోట్లూ తడిమి, రెండు స్తంభాల లిఫ్ట్ చేతులు ఒక్కొక్కటే సర్దాడు. జానెడు ఎత్తాక ఆపి, కారుని చేత్తో ఊపి చూసి, మళ్లీ ఎత్తాడు. అంత ఓపిక చూశాక నాకు ధైర్యం వచ్చింది. బల్లలా పొడుగ్గా ఉండే లిఫ్ట్ అయితే ఆ బల్ల బ్యాటరీకి తగులుతుందేమో తప్పకుండా చూడాలి, దిమ్మలు లేకుండా వద్దు.

తాళం మాత్రం నా జేబులోనే ఉంది. ఈ కారు ఆన్‌లో ఉన్నా చప్పుడు ఉండదు, ఎవరైనా లోపల కూర్చుని పొరపాటున పెడల్ తొక్కితే చాలు.

నట్లు గాలి గన్నుతో పూర్తిగా బిగించనివ్వలేదు. చేత్తో ఎక్కించి, గన్నుతో తేలిగ్గా పట్టించి, కారు దించాక ఎదురెదురు నట్ల వరసలో టార్క్ రెంచ్‌తో నేనే బిగించాను. ఎంత టార్క్ అనేది మీ మాన్యువల్‌లోనే చూసుకోండి, పక్కింటి కారు అంకె మీ కారుకి పనికిరాదు. వాల్వులు కొత్తవి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించి కాగితం తెచ్చుకున్నాను.

41,460 కి.మీ.

వంద కిలోమీటర్లు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు నట్లు మళ్లీ చూశాను. ఒకటి కొంచెం తిరిగింది, మిగతావి కదల్లేదు. గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, పొద్దున్నే ఎండ ఎక్కక ముందు కొట్టాను. మధ్యాహ్నం రోడ్డు మీద నుంచి వచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకండి.

మేకు దిగిన పాత టైరుకి ఆ రోజు పైనుంచి తాడు గుచ్చారు, అది ఎక్కువ రోజులు నమ్మదగ్గది కాదు. టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయిస్తే మేలు. పక్క గోడలో పడితే ఏదీ వేయించొద్దు, టైరు మార్చడమే.

వెనక టైర్లు 4.8 దగ్గర ఉన్నాయి. 45,000 దగ్గర మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.